అందించని మాట

ఇన్సూరెన్స్ కంపెనీకి ఫోన్ చేసి, ఇంగ్లీషుకి ఒకటి నొక్కబోయి పొరపాటున మూడు నొక్కితే, చైనా భాషలో ఒక ఆడగొంతు వినపడుతుంది. కారు గుద్దుకుంటే ఒకటి నొక్కండి, ఇల్లు కాలితే రెండు నొక్కండి అని చెబుతుంది. ఆ గొంతు మా ఆవిడది. బీజింగ్‌లో ప్రభుత్వం జీతమిచ్చి నడిపే జాతీయ నాటక సంస్థలో తర్ఫీదైన గొంతు. గుసగుసలాడినా ఆఖరి వరసలో ముసలాయనకి వినపడాలని అక్కడ నేర్పారట. ఆ విద్య చివరికి ఇల్లు కాలినవాళ్లకి పనికొచ్చింది.

ఆమె పేరు షావ్‌యున్. గుంటూరు జిల్లావాడికి బీజింగ్ నటి ఎలా దొరికిందని అడగని తెలుగువాడు అమెరికాలో మేముండే మోరిస్‌విల్‌లో లేడు. కంపెనీ పని మీద కొన్నాళ్లు అక్కడ ఉన్నాను, మిగతాది ఎవరికైనా జరిగేదే. ఇప్పుడు చెప్పేది ఆ సంగతి కాదు, 2013లో ఆకులు రాలే రోజుల్లో మా ఇంట్లో జరిగిన సంగతి.

చైనా నాటకం అంటే మనవాళ్లకి రంగుల మొహాలు, తాళాలు, పిల్లిమొగ్గలు గుర్తొస్తాయి. షావ్‌యున్ వాళ్లది అది కాదు. పాటా పద్యం లేని మాటల నాటకం, మన పరిషత్తు నాటకం లాంటిది. అందులో నటికి ఉన్న ఆస్తి నోరొక్కటే. ఆ నోరు పెట్టుకుని నాతో ఇంగ్లీషు దేశానికొచ్చింది. మొదట్లో ఇక్కడి నాటకాల వాళ్లని వెళ్లి కలిసింది. గోళ్లకి రంగులేసే షాపులో పనిమనిషి వేషం ఉంది, మాటలేమీ ఉండవు, వేస్తావా అన్నారు. ఆ తర్వాత వెళ్లడం మానేసింది.

సెప్టెంబరులో ఒక సాయంత్రం నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి వంటింట్లో బీన్స్ తరుగుతోంది. మేము మాట్లాడుకునేది ఇంగ్లీషులో, ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

"త్సావ్ లావోషి ఫోన్ చేశారు" అంది. లావోషి అంటే మేష్టారు. ఆవిడ ఆ సంస్థలో పెద్ద దర్శకురాలు, షావ్‌యున్‌కి గురువు. "వాళ్ల నాటకం ఇక్కడికొస్తోంది. మన పక్క యూనివర్సిటీకి. నవంబరులో ఒక్క ఆట."

"మంచిదే. చూద్దాం."

"నన్ను ఆడమంటున్నారు."

వాళ్ల సంస్థలో ఒక పద్ధతి ఉంది. ప్రతి పెద్ద వేషానికీ ఇద్దరుంటారు. మొదటి మనిషి ఆడుతుంది. రెండో మనిషి ప్రతి రిహార్సల్లో గోడవార కూర్చుని ఆ వేషమంతా నేర్చుకుంటుంది. మొదటి మనిషికి జ్వరమొస్తే ఎక్కాలి, రాకపోతే కూర్చోవాలి. షావ్‌యున్ ఈ నాటకానికి నాలుగేళ్లు అలా కూర్చుంది. ఆ మొదటి మనిషికి ఒక్కనాడు దగ్గు కూడా రాలేదు. అప్పుడు నేను తగిలాను, షావ్‌యున్ లేచి వచ్చేసింది. ఇన్నేళ్లకి ఆ మహాతల్లి మెట్ల మీద జారి కాలు విరగ్గొట్టుకుంది. కొత్త మనిషికి వీసా తీసే టైం లేదు. వీసా అక్కర్లేని రెండో మనిషి అమెరికాలో ఒకతె ఉందని లావోషికి గుర్తొచ్చింది.

"బాగా ఆడితే సంస్థలోకి మళ్లీ తీసుకుంటామన్నారు" అంది. కత్తి ఆపలేదు. "నలభై దాటితే తీసుకోరు. నాకు వచ్చే ఏడాదితో నలభై."

"అంటే బీజింగ్ వెళ్లిపోతావా?"

"ముందు ఆడనీ" అంది.

మంచిదే అన్నాను.

* * *

నేను కాలేజీ రోజుల్లో ప్రాంప్టర్ని. పొన్నూరు, చిలకలూరిపేట, ఎక్కడ పరిషత్తు పోటీలు జరిగినా మా జట్టు వెళ్లేది. వేషం కట్టే మొహం కాదని నా చేతికి పుస్తకమిచ్చి పక్క తెర వెనక నిలబెట్టారు. ప్రాంప్టర్‌కి ఒకటే సూత్రం. స్టేజీ మీద నిశ్శబ్దం వచ్చిందంటే ఎవడో మాట మర్చిపోయాడు, వెంటనే అందించాలి. ప్రేక్షకులు ఈల వేసేలోపు అందించినవాడే మంచి ప్రాంప్టరు. నాకు మంచి పేరే ఉండేది.

ఆ పేరు ఇంట్లో ఎప్పుడో గొప్పగా చెప్పుకున్నట్టున్నాను. షావ్‌యున్ మర్నాడే కాగితాల కట్ట తెచ్చి, ఎదటివాళ్ల మాటలు నువ్వు చెప్పు, నా మాటలు నేను చెబుతాను అంది. నాకొచ్చిన చైనా భాషతో కూరగాయలు కొనగలను, అంతకు మించి ఏమీ చెయ్యలేను. ఆమె ఒక్కో వాక్యం చదువుతుంటే నేను తెలుగు అక్షరాల్లో రాసుకున్నాను. మన లిపిలో పట్టని శబ్దం లేదని చిన్నప్పుడు మేష్టారు చెప్పారు. శబ్దం పట్టింది కానీ దాని ఎత్తుపల్లాలు పట్టలేదు. నేను దుఃఖంతో చెప్పాల్సిన మాట చెబితే మా అమ్మాయి ఉజ్వల సోఫా మీద పడి నవ్వేది.

ఉజ్వలకి అప్పుడు పదేళ్లు. వాళ్లమ్మని చైనావాళ్ల పద్ధతిలో "మామా" అని పిలుస్తుంది, నన్ను "నాన్నా" అంటుంది. తెలుగువాళ్ల పుట్టినరోజు పార్టీల్లో ఇది విని నవ్వనివాడు లేడు. మా ఇంట్లో మూడు భాషలున్నాయి. ఆ మూడూ వచ్చింది దానికొక్కదానికే.

కారు బయటపెట్టి గరాజ్‌లో రిహార్సల్ చేసేవాళ్లం. కథ పెద్దదేం కాదు. ఉత్తరాన నది ఒడ్డున ఒక ఇల్లు. మొగుడు పోయిన కోడలు, ముసలి మామగారు. కోడలు పట్నానికి ఫ్యాక్టరీ పనికి బయల్దేరుతుంది. మామగారు గుమ్మం పట్టుకుని "షెన్మ షిహో హుయ్‌లాయ్" అంటాడు. ఎప్పుడొస్తావు అని. ఆమె కాస్త ఊరుకుని "హ షాంగ్ దోంగ్ యీచ్యెన్" అంటుంది. నది గడ్డకట్టేలోపు. అక్కడికి మొదటి అంకం అయిపోతుంది. రెండో అంకమంతా చలికాలమే. ఆమె రాదు.

ఆ కాస్త ఊరుకునే చోటే మాకు పేచీ వచ్చింది. నేను ముసలాయన మాట చెప్పేవాణ్ని, ఆమె ఆగేది. నా నోరు ఊరుకునేది కాదు. "హ షాంగ్..." అని అందించేసేవాణ్ని.

"నేను మర్చిపోలేదు, ఫణీ" అంది మొదటిసారి, మామూలుగానే. రెండోసారి గొంతు మారింది. మూడోసారి కాగితాలు వాషింగ్ మెషీన్ మీద పడేసింది.

"ఆమె అక్కడ మర్చిపోలేదు. వస్తానో రానో తనకే తెలియక ఆలోచిస్తోంది. నువ్వు మధ్యలో చెప్పేస్తే ఇంక ఆలోచించడానికి ఏముంది?"

"ఇంతసేపు ఆగితే మా పరిషత్తులో ఈల వేస్తారు."

"వెయ్యనీ."

"నిశ్శబ్దంగా ఉంటే నా ప్రాణం ఊరుకోదు, ఏం చెయ్యను?"

ఆమె నా వంక చూసింది. "నేను ఇక్కడ ఇన్నేళ్లు అలాగే ఉన్నాను కదా" అంది. కోపంగా అనలేదు. కాగితాలు తీసి దుమ్ము దులిపి, "మళ్లీ మొదటి నుంచి" అంది.

ఒక ఆదివారం ఇండియన్ స్టోర్ బయట జగదీష్ కలిశాడు. మా ఆఫీసులోనే పనిచేస్తాడు, కరీంనగర్ మనిషి, మా ఇంటి సంగతులన్నీ తెలిసినవాడు. బియ్యం బస్తా ట్రంకులో పెట్టి నా పక్కన నిలబడ్డాడు.

"ఏందన్నా, వదినకు డైలాగ్‌లు నువ్వే ప్రాక్టీస్ చేయిస్తున్నవంట."

"అవును."

"ఒక మాటంట, ఏమనుకోకు. కూసున్న కొమ్మ నరుక్కునేటోని గురించి విన్నగని, నిన్ను చూసుడే."

"ఏం చెయ్యమంటావు? తప్పు మాటలు అందించనా?"

"తప్పెందుకు? ప్రాజెక్ట్ రిలీజ్ ఉన్నది, బిజీ అని చెప్పు. ఆమెనే తిప్పలు పడ్తది. పిల్ల సంగతన్న ఆలోచించవా?"

ఆ ఆలోచన నాకు రాలేదని అనను. చాలాసార్లు వచ్చింది. ఆ సాయంత్రం కూడా, ఆఫీసు కాల్ ఉందని చెబుదామనే ఇంటికి వెళ్లాను. కారు అప్పటికే బయట ఉంది. గరాజ్ తలుపు ఎత్తి ఉంది. లోపల ఆమె ఒక్కతే, రీసైక్లింగ్ డబ్బాకి ఎదురుగా నిలబడి, దానికే మాటలు చెబుతోంది. ఆ గొంతు నేను మా ఇంట్లో ఎప్పుడూ వినలేదు. బ్యాగ్ కింద పెట్టి, డబ్బా పక్కకి జరిపి, దాని చోట్లో నిలబడ్డాను.

* * *

నవంబరు మొదట్లో నాటకం వాళ్లు దిగారు. త్సావ్ లావోషి డెబ్భైకి దగ్గర పడ్డ మనిషి, పొట్టి జుట్టు, ముతక కోటు. చైనా భాష తప్ప ఇంకో ముక్క రాదు. ఖర్చు తగ్గించుకోవడానికి తక్కువమందితో వచ్చారు. స్టేజీ పైన ఇంగ్లీషు అనువాదం చూపించడానికి కూడా మనిషి లేడు. నటులు ఒక మాట అనగానే ఒకరు కంప్యూటర్ మీట నొక్కాలి, దాని అర్థం పైన తెర మీద పడుతుంది. మా ఆయనకి ప్రతి మాటా శబ్దంతో సహా కంఠతా వచ్చని షావ్‌యున్ చెప్పిందట. లావోషి నన్ను కూర్చోబెట్టి, నటుల చేత అక్కడో పేజీ ఇక్కడో పేజీ చదివించి చూసింది. నేను ఎక్కడా తప్పలేదు. పదిహేనేళ్ల సాఫ్ట్‌వేర్ అనుభవం ఆఖరికి స్పేస్ బార్ నొక్కడానికి పనికొచ్చింది.

ఆ శనివారం ఆవిడ మా ఇంటికి భోజనానికి వచ్చింది. నేను పప్పు, వంకాయ చేశాను. షావ్‌యున్ చేపలు చేసింది. లావోషి అన్నీ తిని, చాప్‌స్టిక్స్ పక్కన పెట్టి, నా వైపు తిరిగి చాలాసేపు మాట్లాడింది. చేతులు ఒళ్లో పెట్టుకుని, ఎక్కడా తొట్రుపడకుండా, పెద్దింటికి సంబంధం మాట్లాడ్డానికి వచ్చినట్టు మాట్లాడింది. మాటల్లో "మామా" అని, "బీజింగ్" అని, "ఉజ్వల" అని వినపడ్డాయి. షావ్‌యున్ తల వంచుకుని ప్లేటులో చేప ముల్లు పక్కకి తీస్తోంది.

ఆవిడ ఆగి, ఇప్పుడు చెప్పమ్మా అన్నట్టు ఉజ్వల వంక చూసింది.

ఉజ్వల నీళ్లు తాగింది. "నాన్నా, ఆవిడ పప్పు చాలా బావుంది అంటోంది" అంది.

"ఇంకా?"

"వంకాయ కూడా."

అప్పుడు షావ్‌యున్ ఇంగ్లీషులో తనే చెప్పింది. రేపు ఆట బాగా జరిగితే మూడేళ్ల కాంట్రాక్టు మీద తీసుకుంటారట. మొదటి వేషమే, గోడవార కూర్చోవడం ఉండదు. నెలాఖరుకి అక్కడ ఉండాలి. భర్తని అడగకుండా తీసుకెళ్లడం మర్యాద కాదని లావోషి నన్ను అడగడానికే వచ్చింది.

"ఉజ్వలకి స్కూలు ఉంది" అన్నాను. అంతకంటే మంచి మాట దొరకలేదు.

"ఉజ్వల ఇక్కడే ఉంటుంది. ఇది దాని ఊరు" అంది షావ్‌యున్. "నువ్వు కూడా రావచ్చు, ఫణీ. ఇద్దరూ రావచ్చు."

"నేను అక్కడ ఏం మాట్లాడతాను? నువ్విక్కడ ఉన్నట్టు నేనక్కడ ఉంటాను."

ఆమె తలూపింది. దెబ్బలాడుతుందని చూశాను, ఆడలేదు. నేను చెప్పింది ఆమెకి అర్థమైనంతగా ఇంకెవరికీ కాదు. లావోషి మా ముగ్గురి మొహాలూ చూసి, లేచి, తన గిన్నె తనే సింకులో పెట్టింది.

* * *

ఆదివారం మధ్యాహ్నం ఆట. బయట మంచి ఎండ. హాలులో సగం పైగా చైనా విద్యార్థులు, కొందరు ప్రొఫెసర్లు, మూడో వరసలో జగదీష్, వాడి పక్కన ఉజ్వల. నేను వెనక, పైనున్న గాజు గదిలో ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాను. నా పక్కన లైట్లు చూసే తెల్ల కుర్రాడు ఉన్నాడు.

షావ్‌యున్ నీళ్ల బిందెతో వచ్చింది. నేను పదకొండేళ్లుగా కాపురం చేస్తున్న మనిషిని వెతుక్కోవాల్సి వచ్చింది. మా ఇంట్లో ఆమె నెమ్మదిగా, పదాలు ఏరుకుని మాట్లాడుతుంది. డెంటిస్ట్ ఆఫీసులో ఒకే మాట రెండుసార్లు చెప్పి, మూడోసారి నా వైపు చూస్తుంది. ఇక్కడ ఆమె గసిరింది, ఎగతాళి చేసింది, ముసలాయన నోరు మూయించింది. జనం నవ్వారు. నేను మీట నొక్కి ఇంగ్లీషు చూపించేలోపే సగం హాలు నవ్వేసేది. నాకు గర్వంగా ఉంది, భయంగానూ ఉంది. ఇంత నోరున్న మనిషి మా ఇంట్లో ఇన్నేళ్లు ఎక్కడ పెట్టుకుందో అనిపించింది.

మొదటి అంకం చివరికొచ్చింది. ఆమె మూట భుజానికెత్తుకుంది. ముసలాయన గుమ్మం పట్టుకుని "షెన్మ షిహో హుయ్‌లాయ్" అన్నాడు. నేను నొక్కాను. తర్వాతి మాట నా వేలి కింద ఉంది.

ఆమె ఆగింది.

గరాజ్‌లో ఆగినంతసేపూ ఆగింది. అది దాటిపోయింది. ముసలాయన గుమ్మం మీద చెయ్యి మార్చుకున్నాడు. హాల్లో ఎవరో దగ్గబోయి ఆపుకున్నారు. పక్క తెర దగ్గర ఒకతను ముందుకి వంగడం నాకు పైనుంచి కనపడింది. నా పక్క కుర్రాడు నా చెవి దగ్గరికొచ్చి "ఆవిడ మర్చిపోయిందా?" అన్నాడు.

"లేదు" అన్నాను.

నా వేలు మీట మీదికి వెళ్లింది. పాత అలవాటు, ప్రాణం పోతున్నట్టుంటుంది. ఒక్కసారి నొక్కితే చాలు, "నది గడ్డకట్టేలోపు" అని ఆమె తల పైన వెలుగుతుంది, అందరూ ఊపిరి పీల్చుకుంటారు. కానీ ఆమె ఆలోచిస్తోంది. ఇంట్లో ఆలోచించింది ఆ కోడలు. ఇప్పుడు ఆలోచిస్తున్నది షావ్‌యున్ అని నాకు తెలిసిపోయింది. నేను చెయ్యి తీసి ఒళ్లో పెట్టుకున్నాను.

అప్పుడు ఆమె "హ షాంగ్ దోంగ్ యీచ్యెన్" అంది. చాలా చిన్నగా అంది. గాజు గదిలోకి కూడా వినపడింది.

నొక్కాను. తెర పడింది. హాలంతా చప్పట్లు కొడుతుంటే నాకు ఏడుపొచ్చింది. నాటకం చూసి కాదు. లైట్ల కుర్రాడు మంచివాడు, తన పని చూసుకున్నాడు.

ఆట అయ్యాక లోపలికి వెళ్లాను. అద్దం ముందు కూర్చుని దూదితో రంగు తుడుచుకుంటోంది. లావోషి అప్పటికే వచ్చి వెళ్లిందని మొహం చూస్తే తెలుస్తోంది.

"ఎందుకు నొక్కలేదు?" అంది.

"నువ్వు మర్చిపోలేదు కదా."

ఆమె నా చెయ్యి పట్టుకుంది. ఆమెకి వచ్చిన నాలుగు తెలుగు మాటల్లో ఒకటి ఉంది. కోపమొచ్చినా, ప్రేమొచ్చినా, ఏం అనాలో తోచకపోయినా అదే అంటుంది.

"తిన్నావా?" అంది.

"లేదు" అన్నాను. వెళ్తున్నావా అని నేను అడగలేదు, ఆమె చెప్పలేదు.

* * *

నెలాఖరున ఎయిర్‌పోర్టుకి దిగబెట్టాం. థాంక్స్‌గివింగ్ పండగ ముందు రోజులు, లోపల కాలు పెట్టడానికి చోటు లేదు. రెండు పెట్టెలు. నా తెలుగు అక్షరాల కాగితాలు ఒక పెట్టెలో పెట్టుకుంది, ఎందుకని నేను అడగలేదు. సెక్యూరిటీ లైను దగ్గర ఉజ్వలని దగ్గరికి తీసుకుని జడ సరిచేసింది. ఉజ్వల ఏదో అడిగింది. చైనా భాషలోనే అడిగింది కానీ ఆ ముక్క నాకు బాగా తెలుసు. షెన్మ షిహో హుయ్‌లాయ్.

షావ్‌యున్ నోరు తెరిచి మళ్లీ మూసుకుంది.

సమ్మర్‌కి అని చెబితే సరిపోయేది. స్కూలు సెలవులకి అన్నా సరిపోయేది. నా నాలుక చివరికి వచ్చింది. తెలుగులో వచ్చింది, ఇంగ్లీషులో వచ్చింది. నేను అందించలేదు. వెనకున్న ఆయన సూట్‌కేసుతో మమ్మల్ని నెట్టాడు. ఆమె ఉజ్వల నుదుటి మీద ముద్దు పెట్టి, నా కోటు కాలరు సర్ది, లైన్లోకి వెళ్లిపోయింది. మలుపు తిరిగేదాకా వెనక్కి చూడలేదు. నేనే ఆమె స్థానంలో ఉన్నా చూసేవాణ్ని కాదు.

కారులో ఉజ్వల వెనక సీట్లో కూర్చుంది. రేడియో పెట్టనా అంటే వద్దంది. ఎయిర్‌పోర్టు రోడ్డు దిగి లేక్ క్రాబ్‌ట్రీ పక్కనుంచి వస్తున్నాం. ఆకులన్నీ రాలిపోయి నీళ్లు రోడ్డు దాకా కనపడుతున్నాయి.

"నాన్నా, మామా ఆన్సర్ చెప్పలేదు" అంది.

"అవునమ్మా."

సిగ్నల్ దగ్గర ఆగాను, పచ్చలైటు పడింది, కదిలాను. అప్పుడు వెనక నుంచి "హ షాంగ్ దోంగ్ యీచ్యెన్" అని వినపడింది. వాళ్లమ్మ అన్నంత చిన్నగా అంది. ఎత్తుపల్లాలు ఎక్కడా తప్పలేదు. నేను అద్దంలోకి చూడలేదు.

"ఈ లేక్ ఫ్రీజ్ అవుతుందా, నాన్నా?"

ఈ ఊళ్లో ఇన్నేళ్లలో నేనెప్పుడూ చూడలేదు. అంత చలి ఇక్కడికి రాదు.

"అవదు" అన్నాను.

"ఎప్పుడూ?"

"ఎప్పుడూ అవదు."

ఉజ్వల కిటికీకి తల ఆనించి నీళ్ల వంక చూసింది.

"అయితే మామాకి చాలా టైం ఉంది" అంది.